రుచుల తిరునాళ్ళకు వెళ్ళవచ్చునా?

చలికాలం రాగానే హైదరాబాదులో నివసించే మా వంటివారికి జిల్లాలలోని బంధువుల నుండి ఒక ప్రశ్న తప్పక వస్తుంది. "పండుగ సెలవులకు పిల్లలను తీసుకొని వస్తున్నాం. నుమాయిష్ చూపిస్తారా? అక్కడ తినేవి చాలా దొరుకుతాయట గదా?" అని అడుగుతారు. అదే ఇంటిలో మరొకరు వెంటనే అడ్డు తగులుతారు. "ఆ జనంలో ఎవరు తిరుగుతారు? కాళ్ళ నొప్పులు, జేబుకు చిల్లు, మరునాడు కడుపు నొప్పి!" అంటారు. ఇంటింటికి తిరిగే పని గలవాడను గనుక ఈ వాదన అనేక గృహాలలో విన్నాను. మా ఇంటిలో కూడా విన్నాను. ఇరుపక్షాలలోనూ నిజం ఉంది. కాబట్టి ఈ నెల ప్రియ చదువరులతో కలిసి రెండు స్థలాలకు వెళ్ళి, ఈ సంగతిని నిదానంగా ఆలోచించాలని కోరుతున్నాను. ఒకటి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం, రెండవది సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్.

గుంపులో నిలబడి తినడం మనకు కొత్త కాదు. మన పెద్దలు తిరునాళ్ళకు, జాతరలకు బండ్లు కట్టుకొని వెళ్ళేవారు. జీళ్ళు, ఖర్జూరాలు, పేలాలు, పీచుమిఠాయి కొనకుండా ఇంటికి తిరిగి వచ్చిన పిల్లవాడు లేడు. అయితే ఆ రోజులలో తిండి తిరునాళ్ళలో ఒక భాగం మాత్రమే. ఇప్పుడు తిండే తిరునాళ్ళయినది. అందుకనే ఈ ప్రశ్న.

నుమాయిష్ ఎలా పుట్టింది?

నుమాయిష్ తినుబండారాల కోసం పుట్టలేదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘానికి చెందిన కొందరు యువకులు హైదరాబాదు సంస్థానం ఆర్థిక పరిస్థితులను గూర్చి ఒక సర్వే చేయాలనుకొన్నారు. దానికి డబ్బు లేదు. స్థానిక వస్తువులతో ఒక ప్రదర్శన పెడితే డబ్బు సమకూడుతుందని తలంచారు. అలా పబ్లిక్ గార్డెన్స్‌లో "నుమాయిష్ మస్నుఆత్ ముల్కీ", అనగా స్వదేశ ఉత్పత్తుల ప్రదర్శన, మొదలైనది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ప్రారంభించారు. జనం పెరగడంతో 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. 1947, 1948 సంవత్సరాలలో జరుగలేదు. తరువాత అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనగా పేరు మార్చుకొని నిలబడింది.

ఇప్పుడు సాధారణంగా జనవరి 1 నుండి ఫిబ్రవరి 15 వరకు 46 రోజులు జరుగుతుంది. కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ పని బట్టలు, రాజస్థాన్ చేతిపనులు అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. దీనిమీద వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతున్నది. మైదానం పక్కనే ఉన్న కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాటిలోనివే. మన గేటు టిక్కెట్టు డబ్బులో కొంత ఒక ఆడపిల్ల చదువుకు చేరుతున్నదని తెలిసినప్పుడు, వరుసలో నిలబడటం కొంత తేలికగా తోస్తుంది. 2025లో ఆ టిక్కెట్టు 50 రూపాయలు.

గుంపు రుచిని ఏమి చేస్తుంది?

లోపలికి పోగానే మొదట పలుకరించేది వాసనే. మిరపకాయ బజ్జీలు, చక్కెర పాకంలో మునిగిన జిలేబీ, పావ్ భాజీ, పళ్ళెమంత వెడల్పుగల అప్పడం, దానిమీద చల్లిన కారం పొడి, ఇరానీ చాయ్, కుల్ఫీ. ఒక ప్రక్క హలీం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంను గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యితో మట్టిపొయ్యిల మీద గంటల తరబడి ఉడికించి, పొడవాటి చెక్క తెడ్లతో మెదుపుతారు. ఆ పని చేసేవారి భుజాలను చూస్తే పళ్ళెంలోనిది ఒక్క మెతుకు కూడా పారవేయబుద్ధి కాదు.

అయితే నిజం చెప్పవలసి వస్తే, గుంపు ఎక్కువైన కొద్దీ రుచి తగ్గుతుంది. దానికి కారణాలు దాచి ఉంచినవి కావు. బజ్జీల కొట్టువాడు తీరికగా ఉన్నప్పుడు పిండిలో మిరపకాయ ముంచి, నూనెలో వేసి, రంగు చూచి తీస్తాడు. రెండు వందల మంది చేతులు చాచి నిలబడినప్పుడు సగం వేయించి కుప్ప పోసి ఉంచుకొని, మరల ఒక్క మునక ముంచి ఇస్తాడు. పైన కరకర, లోపల పిండి పిండి. అతనిది దోషం అనను. ఆ 46 రోజులలో కొట్టు అద్దె, పనివారి కూలి, సరకుల ఖర్చు అన్నీ రావాలి. శని, ఆదివారాల రాత్రులే అతని పంటకోతలు.

నూనె సంగతి కూడా చెప్పాలి. ఒకే నూనెను మరల మరల కాచిన యెడల దానిలో చెడు పదార్థాలు పెరుగుతాయి. వీటిని కొలిచేందుకు ఒక లెక్క ఉన్నది. 2018 జూలై 1 నుండి మన దేశంలో ఆ మోతాదు 25 శాతానికి మించరాదని నియమం అమలులోకి వచ్చింది. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు. కన్ను, ముక్కు ఉన్నవి. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టి, పొగ లేస్తుంటే అక్కడ నుండి కదలిపోవడమే పరీక్ష.

మూడవ కారణం మన నాలుకలోనే ఉన్నది. తీపి మీద తీపి తిన్నప్పుడు మొదటి ముద్దకున్న రుచి అయిదవ ముద్దకు ఉండదు. వంట చెడినందుచేత కాదు, నాలుక అలసినందుచేత. ఇరవై రకాలు రుచి చూశామని చెప్పేవారు నిజంగా నాలుగైదింటినే రుచి చూచి ఉంటారు. మిగిలినవి నమిలి మింగినవే.

పరేడ్ గ్రౌండ్‌లో మూడు రోజులు

ఇక సికింద్రాబాదు వెళ్దాం. తెలంగాణ ప్రభుత్వ పర్యాటక శాఖ సంక్రాంతికి గాలిపటాల పండుగ జరుపుతూ, 2018లో దానికి మిఠాయిల పండుగను కూడా జతచేసింది. సాధారణంగా జనవరి 13 నుండి 15 వరకు పరేడ్ గ్రౌండ్‌లో జరుగుతుంది. కరోనా కారణంగా కొన్ని సంవత్సరాలు ఆగి, 2024లో మరల ప్రారంభమైనది. ప్రవేశం ఉచితం. ఇక్కడి ప్రత్యేకత ఏమనగా, మిఠాయిలు పేరుగాంచిన దుకాణాలవి మాత్రమే కావు. వేరువేరు రాష్ట్రాల నుండి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన కుటుంబాల స్త్రీలు తమ ఇళ్ళలో చేసినవి తెచ్చి బల్లలమీద పెడతారు.

ఇక్కడ ఒక చక్కని సంగతి కంటికి కనబడుతుంది. మన సంక్రాంతి ఒక్క మనదే కాదు. దేశమంతటా అదే వారంలో కొత్త పంట, కొత్త బెల్లం ఇంటికి వస్తాయి. మనం కొత్త బియ్యం దంచి పిండి చేసి, బెల్లం పాకంలో కలిపి అరిసెలు వండుతాం. తమిళులు అదే బియ్యం, బెల్లంతో పొంగలి వండుతారు. మహారాష్ట్రులు నువ్వులు, బెల్లం ఉండలు పంచుకొంటారు. కన్నడిగులు నువ్వులు, బెల్లం, కొబ్బరి ముక్కలు కలిపి ఇరుగుపొరుగుకు ఇస్తారు. బెంగాలీలు బియ్యపు పిండితో పిఠాలు చేస్తారు. అస్సామువారు నువ్వులు, బెల్లం లోపల పెట్టి చుట్టిన పిఠాలు చేస్తారు. పంజాబులో బెల్లపు గజక్, రేవడి. పుస్తకంలో చదివితే ఇది ఒక పట్టిక. పక్కపక్కనే ఉన్న బల్లల మీద చూస్తే ఒకే తల్లి వండి, పదిమంది పిల్లలకు పదివిధాలుగా వడ్డించినట్లు ఉంటుంది. ఒక్క హోటలుకు వెళ్ళి ఇది తెలుసుకోలేం. రుచుల తిరునాళ్ళ పక్షాన చెప్పదగిన మొదటి మాట ఇదే.

మా అత్తగారి సంగతి

గత జనవరిలో మా ఇంటిలో ఈ వాదన మరికొంత గట్టిగానే జరిగింది. మా అత్తగారికి డెబ్బై దాటినవి, చక్కెర వ్యాధి ఉన్నది. మామగారు గతించిన తరువాత ఆమె మా దగ్గరకు వచ్చారు. ఊరిలో పదిమందికి అరిసెల పాకం చూపించిన మనిషి, పట్నంలో మూడవ అంతస్తు కిటికీ దగ్గర కూర్చొని, అడిగినదానికి మాత్రమే బదులు చెప్పే స్థితికి వచ్చారు. పిల్లలు, "అమ్మమ్మను కూడా తీసుకొని వెళ్దాం" అన్నారు. మా బావమరిది ఒప్పుకోలేదు.

"బావా, తీపి తినకూడని మనిషిని తీపి కొట్ల మధ్య తిప్పడం ఏమి న్యాయం? అది దయ కాదు, శిక్ష" అన్నాడు.

అతని మాటలో న్యాయం ఉంది. నేను ఏమీ అనకముందే ఆమె, "తినడానికి కాదురా, చూడటానికి వస్తాను. ఇంట్లో గోడలు ఎంతసేపని చూడను?" అన్నారు. అంతటితో వాదన ముగిసింది.

మూడు రోజులలో మొదటి రోజు మధ్యాహ్నమే వెళ్ళాం. జనం పలుచగా ఉన్నారు. ఒక బెంగాలీ కుటుంబం వారి బల్ల దగ్గర అత్తగారు ఆగిపోయారు. అక్కడ ఒక పెద్దామె పిఠాలు పేర్చుతున్నది. పక్కన గిన్నెలో గోధుమ రంగు బెల్లం. అత్తగారు గోటితో చిన్న పలుకు తీసుకొని నాలుకమీద ఉంచుకొని, "ఇది చెరకు బెల్లం కాదమ్మాయ్. చెట్టు బెల్లం" అని మా ఆవిడతో అన్నారు. అడిగితే అది ఈతచెట్టు నీరాతో కాచిన బెల్లమని తెలిసింది. బెంగాలులో చలికాలమంతా ఈతచెట్లకు కుండలు కట్టి, తెల్లవారకముందే దింపి, ఆ తీపి నీరు పులియకముందే కాచి బెల్లం చేస్తారు. మన ఊళ్ళలో కల్లు గీసే ఈతచెట్టు కూడా అదే. అదే చెట్టు, అదే నీరు. ఎండ ఎక్కేవరకు ఉంచితే ఒకటి, తెల్లవారకముందు పొయ్యి మీద పెడితే మరొకటి. కల్లువలన పాడైన ఇళ్ళను చూచినవాడను గనుక ఆ మాట నా మనస్సులో చాలాసేపు నిలిచింది.

ఆ పెద్దామెకు తెలుగు రాదు. మా అత్తగారికి హిందీ కూడా రాదు. అయినా ఇద్దరూ పావుగంట మాట్లాడుకొన్నారు. ఈమె వేళ్ళ మధ్య పాకం సాగదీసినట్లు చూపించి, నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలని సైగ చేసింది. ఆమె తల ఊపి, తన వైపు పిండి ఎంత పల్చగా పోయాలో అరచేయి తిప్పి చూపించింది. చివరకు ఆమె ఒక పిఠాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క అత్తగారి చేతిలో పెట్టి, డబ్బు వద్దని చెప్పింది. అత్తగారు దానిలో సగం తిని, సగం మనవరాలికి ఇచ్చారు. ఆ రాత్రి ఇంటిలో ఆమె తనంతట తాను మాటలు మొదలుపెట్టి, తమ ఊరిలో బెల్లం గానుగ ఆడే రోజుల గురించి పిల్లలకు చెప్పారు. మా బావమరిది కూడా కూర్చొని విన్నాడు.

తిన్న పరిమాణం లెక్కచూస్తే ఆ ప్రయాణం వృథా. అయితే అటువంటి చోట లెక్కచూడవలసినది పరిమాణం కాదని నాకు తోచింది.

భయపడవలసినవి ఏవి?

ఇంతమాత్రాన అందరూ అన్ని వేళలా వెళ్ళవచ్చునని చెప్పను. భయాలకు ఆధారం ఉన్నది. అమెరికాలో చికాగో నగరంలో "టేస్ట్ ఆఫ్ చికాగో" అనే రుచుల పండుగ 1980 జూలై 4న మిషిగన్ అవెన్యూ వీధిలో ఆరంభమై, మరుసటి సంవత్సరం గ్రాంట్ పార్కుకు మారింది. ఎంతో పేరుగల పండుగ అది. అక్కడ కూడా 2007లో ఒక కొట్టులోని ఆహారం వలన సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి సోకి ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. పరిశుభ్రత నియమాలు గట్టిగా ఉన్న దేశంలోనే ఇలా జరిగిన యెడల మనం మరింత జాగ్రత్తగా ఉండాలి గదా! వండిన పదార్థం పొగలు కక్కేంత వేడిగానైనా ఉండాలి, మంచువలె చల్లగానైనా ఉండాలి. 60 డిగ్రీలకు తగ్గి 5 డిగ్రీలకు పైన గంటల తరబడి ఉన్న ఆహారంలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. గోరువెచ్చని పచ్చళ్ళు, మూతలేని పెరుగు, కోసి ఉంచిన పండ్లు, ఎక్కడివో తెలియని నీళ్ళతో చేసిన పానీపూరి, ఇవి గుంపులలో మానుకోవలసినవి. పాకంలోని మిఠాయిలు, కళ్ళ ఎదుట వేయించినవి, పొగలు వచ్చే హలీం వీటికంటె నయం.

మరొక ప్రమాదం అగ్ని. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు చెలరేగి అనేక దుకాణాలు కాలిపోయినవి. ఒక్క ప్రాణం కూడా పోలేదు. అయితే దూర రాష్ట్రాల నుండి సరకు తెచ్చుకొన్న వర్తకులు ఆ రాత్రి సర్వస్వం పోగొట్టుకొన్నారు. అప్పటి నుండి నేను ఏ జనసమూహంలోకి వెళ్ళినా మొదట బయటికి పోయే దారులు ఎక్కడున్నవో చూచి, పిల్లలకు కూడా చూపిస్తాను. దీనికి ఒక్క నిమిషం చాలు.

వెళ్ళగోరు కుటుంబాలకు

ప్రియ చదువరులారా, వెళ్ళాలనుకొనేవారికి అనుభవం మీద కొన్ని మాటలు చెబుతాను.

మొదటిది, రోజు. శని, ఆదివారాలు, సెలవు దినాలు వదలిపెట్టండి. నుమాయిష్‌కు మంగళ, బుధవారాలలో గేట్లు తెరిచే సాయంకాలపు వేళకు వెళ్ళిన యెడల రెండు గంటలు ప్రశాంతంగా తిరగవచ్చు. స్త్రీలకు ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించడం అక్కడ ఆనవాయితీ, ఆ తేదీని పత్రికలలో చూచుకోండి.

రెండవది, ప్రయాణం. సొంత వాహనం తీసుకొనిపోతే సగం ఓపిక వాహనం నిలిపే చోటు వెదకడంలోనే పోతుంది. నాంపల్లికి గాంధీభవన్ మెట్రో స్టేషను, సికింద్రాబాదుకు పరేడ్ గ్రౌండ్ స్టేషను దగ్గర.

మూడవది, ఆకలి. కడుపు మాడ్చుకొని వెళ్ళకండి. ఆకలి ఉన్నవాడు రుచి చూడడు, మొదట కనిపించిన కొట్టు దగ్గర కడుపు నింపుకొంటాడు. ఇంటి దగ్గర కొంచెం పెరుగన్నం తిని వెళ్ళండి. చికాగో పండుగలో చిన్న పరిమాణంలో తక్కువ ధరకు రుచికోసం వడ్డించే పద్ధతి ఉన్నది. మన దగ్గర అది అంతటా లేదు. గనుక నలుగురికి ఒక పళ్ళెం కొనండి. నాలుగు పళ్ళేలు కొన్న డబ్బుకు నాలుగు రకాలు తెలుస్తాయి, పారవేయడం ఉండదు.

నాలుగవది, హద్దు. బయలుదేరకముందే ఇంత డబ్బు అని నిర్ణయించుకొని, ఆ మొత్తమే ఒక కవరులో పెట్టుకోండి. బయట ఇరవై రూపాయలకు దొరికేది లోపల నలభై కావచ్చు. ఫోనుతో చెల్లించడం వచ్చిన తరువాత చేతిలో డబ్బు తరుగుతున్నది కంటికి కనబడటం లేదు. కవరు ఖాళీ అయినప్పుడు పిల్లలకు కూడా మాట అర్థమవుతుంది.

అయిదవది, ఎంపిక. ఊరిలో ఎప్పుడూ దొరికే పేరుగాంచిన దుకాణాల ముందు వరుసలో నిలబడకండి. వాటిని మరొక రోజు తీరికగా తినవచ్చు. సంవత్సరానికి ఒక్కసారి మాత్రమే కనబడేవారి దగ్గరకు, ఇంటిలో చేసి తెచ్చినవారి దగ్గరకు వెళ్ళండి. వారిని పలుకరించండి. ఎలా చేస్తారో అడగండి. చేసినవారే ఎదుట ఉన్నప్పుడు అడగకుండా తిని రావడం నష్టం.

చంటిపిల్లలు గల తల్లులు, శ్వాసకు ఇబ్బందిపడేవారు, ఎక్కువసేపు నిలువలేని వృద్ధులు రద్దీ రోజులలో వెళ్ళకపోవడమే మేలు. వారికోసం ఇంటికి ఏదో ఒకటి పొట్లం కట్టించుకొని రండి. ఆ పొట్లం విప్పేటప్పుడు అక్కడ చూచినది చెప్పండి.

ఇక అసలు ప్రశ్నకు వస్తే నా జవాబు ఇది. కడుపు నిండటం కోసమైతే వెళ్ళవద్దు, ఇంటి భోజనమే చవక, శుభ్రం. మంచి రుచి కోసమే అయినా అనుమానమే. తెలియని మనిషి చేతి వంటను ఆ మనిషి ఎదుటనే నిలబడి తిని, వారి ఊరు, వారి చెట్టు, వారి పండుగ తెలుసుకొనే ఇష్టం ఉన్న యెడల తప్పక వెళ్ళండి. సంవత్సరానికి ఒకసారి చాలు. ఆ మూడు రోజులు అయిన తరువాత నెల తిరగకముందే మా ఇంటిలో ఒక ఆదివారం బియ్యపు పిండితో పిఠాలు చేశారు. ఈతబెల్లం దొరకలేదు, తాటిబెల్లంతో చేశారు. మొదటి రెండు పెనానికి అంటుకొన్నవి. మూడవది బాగా వచ్చింది. దానిని పక్కింటివారికి పంపించారు.